గోదావరికి రంగులద్దిన దామెర్ల

రాజమండ్రి: గోదావరి ఒడ్డున పుట్టి, ఆ గోదావరినే తన చిత్రాలలో నిలిపిన కళాకారుడు దామెర్ల రామారావు.

1897లో రాజమండ్రిలో జన్మించిన ఆయన ప్రతిభను మొదట గుర్తించినది ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొర. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలులో చేరారు. అక్కడ పాశ్చాత్య పద్ధతులు నేర్చినా, అజంతా రేఖల సొగసును విడువలేదు. పర్యటించిన చోట్ల కనిపించిన ప్రకృతిని నీటిరంగులలో చిత్రించారు. తూర్పు కనుమల నడుమ సాగే గోదావరి ఆయనకు ప్రియమైన వస్తువు. ‘కార్తీక పౌర్ణమి’, ‘పుష్పాలంకరణ’ ఆయన పేరొందిన చిత్రాలు.

చదువు ముగిశాక పట్నంలోనే ఉండిపోక, సొంత ఊరు వచ్చి యువకులకు చిత్రకళ నేర్పారు. అంతలోనే మశూచి సోకి, 1925 ఫిబ్రవరిలో, 28 ఏళ్ళయినా నిండకుండానే కన్నుమూశారు.

భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ, మిత్రుడు వరదా వెంకటరత్నం వంటివారి శ్రమ వల్లనే ఆయన చిత్రాలు చెదిరిపోకుండా దక్కాయి. రాజమండ్రిలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో వాటిని నేటికీ చూడవచ్చు. వెలుతురుకు వెలిసిపోయేవి, తేమకు పాడయ్యేవి నీటిరంగులు. మన పిల్లలను తీసుకువెళ్ళి ఆ బొమ్మలు చూపడమూ, వాటిని కాపాడుకోవడమూ గోదావరి ప్రజలందరి బాధ్యత.