పొపాయి సృష్టికర్త ఎల్జీ సీగరు

నగరోద్యానములలో విగ్రహములు నిలుపు ఆచారము అన్ని దేశములయందును కలదు. రాజులు, సేనాపతులు, ప్రజానాయకులు, మహాకవులు అట్టి గౌరవమునకు పాత్రులగుచుందురు. అమెరికా దేశములో ఇల్లినాయి రాష్ట్రమున, మిసిసిపీ నది యొడ్డున, చెస్టరు అను చిన్న పట్టణము కలదు. నదిమీది వంతెన చెంత అచట నొక ఉద్యానవనమున్నది. అందు నిలిచిన కాంస్యవిగ్రహము రాజుదియు గాదు, సేనానిదియు గాదు. ఒంటికన్ను, నోట పొగగొట్టము, ఉబ్బిన ముంజేతులు గల యొక ఓడవాని విగ్రహమది. ఎన్నో దేశముల పిల్లలు ఎరిగిన పొపాయి యతడే. ఉద్యానమునకు మాత్రము అతనిని సృష్టించిన ఎల్జీ క్రిస్లరు సీగరు పేరు పెట్టబడినది. పొపాయిని ఎరిగినంతగా లోకము సీగరును ఎరుగదు. నలువదిమూడేండ్లు మాత్రమే జీవించిన ఆ కళాకారుని చరిత్ర తెలిసినగాని, ఒక పట్టణము హాస్యపాత్రలకు విగ్రహము లెత్తుటలోని యర్థము బోధపడదు.

సీగరు 1894 డిసెంబరు 8వ తేదీన చెస్టరులో జన్మించెను. తండ్రి చేతిపనులతో సంసారము నీడ్చువాడు. ఇండ్లకు రంగులు వేయుట, గోడలకు కాగితము లంటించుట ఆయన వృత్తి. సీగరు చిన్ననాటినుండియు తండ్రికి ఆ పనిలో తోడ్పడుచుండెను. పిదప ఊరిలోని ఒపెరా హౌసు అను నాటకశాలలో కుదిరెను. అది మూకీచిత్రముల కాలము. చలనచిత్ర యంత్రమును నడపుట, తెరమీది ఆటకు అనుగుణముగా డ్రమ్ములు వాయించుట అతని పనులు. ఏ ఘడియలో జనులు నవ్వుదురో, ఏ ఘట్టమున ఊపిరి బిగబట్టుదురో, ఆ చీకటిగదిలోనే అతడు గ్రహించెననవచ్చును.

పదునెనిమిదవ యేట వ్యంగ్యచిత్రకారుడు కావలెనని అతడు నిశ్చయించుకొనెను. క్లీవ్‌లండు నగరమునుండి టపాద్వారా పాఠములు పంపు ఈవన్సు అనునతని శిక్షణలో చేరెను. పగటికి పగటి పని, సాయంకాలమునకు నాటకశాల పని. ఇక మిగిలినది రాత్రి యొక్కటే. నడిరేయి దీపము వెలిగించుకొని, వేకువ మూడు గంటలదాక కూర్చుండి బొమ్మలు గీయుచుండెను.

పాఠములు ముగిసినపిమ్మట సీగరు చికాగో నగరము చేరెను. అచట రిచర్డు ఔట్‌కాల్టును దర్శించెను. ఎల్లో కిడ్ అను బాలుని పాత్రను సృష్టించి అమెరికా చిత్రకథలకు త్రోవ చూపినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన ఈ యువకుని ప్రోత్సహించి, చికాగో హెరాల్డు పత్రికవారికి పరిచయము చేసెను. 1916 మార్చిలో, చార్లీ చాప్లిను నాయకుడుగా సీగరు గీసిన చిత్రకథ ఆ పత్రికలో వెలువడ నారంభించెను. 1918లో అతడు చికాగో ఈవినింగ్ అమెరికన్ పత్రికలో చేరెను. ఆ సంవత్సరముననే మర్టిల్ జాన్సను అను యువతిని వివాహమాడెను. వారికి ఇద్దరు సంతానము. పత్రిక సంపాదకుడు విలియం కర్లీ ఇతని ప్రతిభ కనిపెట్టి, న్యూయార్కునందలి కింగ్ ఫీచర్సు సంస్థకు పంపెను. గోడలకు కాగితము లంటించిన బాలుడు ఇరువదియైదేండ్లకే మహానగర పత్రికలకు చిత్రకారుడయ్యెను.

1919 డిసెంబరు 19వ తేదీన న్యూయార్కు జర్నలు పత్రికలో సీగరు చిత్రకథ థింబుల్ థియేటరు ఆరంభమయ్యెను. కుట్టుపనివారు వ్రేలికి తగిలించుకొను తొడుగంత నాటకశాల అని ఆ పేరున కర్థము. మొదట నాటకములను, చలనచిత్రములను వెక్కిరించుటయే దాని ప్రయోజనము. క్రమముగా అందలి పాత్రలకు తమవియైన బ్రతుకులు ఏర్పడెను. ఆ కుటుంబమునకు సీగరు పెట్టిన పేర్లన్నియు నూనెల పేర్లే. సోదరుని పేరునకు ఆముదమనియు, సోదరి పేరునకు ఆలివునూనె యనియు అర్థము వచ్చును. తన పేరును సైతము అతడు విడువలేదు. ఆంగ్లమున చుట్టను చెప్పు మాటకు ఆ పేరు దగ్గరగా నుండుటచే, సంతకముచెంత ఒక చుట్టబొమ్మ గీయుచుండెను.

పదియేండ్లు ఈ విధముగా సాగిన కథలోనికి 1929 జనవరి 17వ తేదీన పొపాయి ప్రవేశించెను. కాస్టరు ఆయిలు జూదపు దీవికి పోవ సంకల్పించి, ఓడ నడపువానికై వెదకుచు రేవున నిలిచియున్న ఈ ఒంటికన్ను వానిని కుదుర్చుకొనెను. ఆ ప్రయాణము ముగియగనే అతనిని కథనుండి పంపివేయవలెనని సీగరు తలంచెను. పంపియు వేసెను. పాఠకులు మాత్రము ఊరకొనలేదు. ఓడవాడు మరల రావలెనని పత్రికలకు జాబులు వ్రాసిరి. సీగరు వారి మాటకు తలయొగ్గెను. అంతవరకు ఆలివు ప్రేమించిన హాం గ్రేవీ తొలగిపోయెను. కూలికి వచ్చినవాడు కథానాయకుడై కూర్చుండెను.

పొపాయి చదువుకొన్నవాడు కాడు. అతని మాటలలో వ్యాకరణము లేదు. కోపము హెచ్చు, పిడికిలి ముందు. అయినను దిక్కులేనివారి పక్షమున నిలుచుట అతని స్వభావము. పెట్టెలో టపాద్వారా వచ్చిన పసిబిడ్డను పెంచుకొనెను. డబ్బు చేతికి వచ్చినప్పుడు, సొమ్ము తీసికొనక పేదలకు ఇచ్చుటయే పనిగా ఒక విచిత్రమైన బ్యాంకు తెరచెను. అతడు పుట్టిన సంవత్సరముననే అమెరికాలో ఆర్థికమాంద్యము ఆరంభమై, బ్యాంకులు మూతపడి, లక్షలకొలది జనులు పనులు కోల్పోయిరి. తమవలెనే దెబ్బలు తిని, తమవలెగాక ప్రతిసారియు లేచి నిలిచిన ఈ ఓడవానిని వారు ఆదరించుటలో వింత యేమి? 1933లో ఫ్లైషరు సోదరులు అతనిని చలనచిత్రములలోనికి తెచ్చిరి. పాలకూర తిని బలము పొందు ఘట్టము ఆ చిత్రములలో ప్రధానమయ్యెను. పాలకూర విస్తారముగా పండించు టెక్సాసు రాష్ట్రపు క్రిస్టల్ సిటీ పట్టణమువారు 1937లోనే పొపాయికి విగ్రహము నెత్తిరి.

ఈ పాత్రలను సీగరు ఎచ్చటనుండి తెచ్చెను? చెస్టరు ప్రజలు చెప్పునదేమనగా, అవన్నియు తమ వీథులనుండి పోయినవే. ఫ్రాంకు ఫీగెల్ అను కూలి ఆ ఊర నుండెడివాడు. పొగగొట్టము నోట బెట్టుకొని, పోట్లాటలలో ఎవరికిని లొంగనివాడు. పొపాయి అతని ప్రతిబింబమే యందురు. ఒపెరా హౌసు యజమాని షుకెర్టు హాంబర్గరు రొట్టెలపై మిక్కిలి మక్కువ గలవాడు. నేడు తినిన రొట్టెకు మంగళవారము డబ్బిత్తునని మాట యిచ్చి తిరుగు వింపీ, ఆయన రుచినుండి పుట్టినవాడట. కొట్టు నడపు డోరా పాస్కెల్ అను పొడవైన సన్నని స్త్రీయే ఆలివు ఆయిలునకు మాదిరి యని చెప్పుదురు. సీగరు పెద్ద నగరములలో వసించెను. కాలిఫోర్నియాలోని శాంటామోనికాలో స్థిరపడి ధనమును కీర్తియు గడించెను. అయినను కుంచె పట్టినప్పుడు అతని కన్నులయెదుట నిలిచినవారు పుట్టినయూరి సామాన్యులే. ఊరు నవ్వుకొను మనుష్యులను చిత్రించుటలో అతడు కేవలము అపహాస్యముతో తృప్తినొందలేదు. గొడవలమారికి ధర్మబుద్ధి నిచ్చెను. తిండిపోతునకు మాటల సొగసు నిచ్చెను. నవ్వించుచునే వారిని మనకు ఆత్మీయులను గావించెను.

కీర్తి శిఖరమున నుండగనే ల్యుకేమియా అను రక్తవ్యాధి సీగరును క్రుంగదీసెను. 1938 అక్టోబరు 13వ తేదీన ఆయన శాంటామోనికాలో మరణించెను. పొపాయితో కూడిన ఆయన కృషి పూర్తిగా పదియేండ్లయినను సాగలేదు. కథ మాత్రము ఆగిపోలేదు. బాల్యముననే ఆయన కడ పని నేర్చిన బడ్ సాజెండార్ఫు 1959లో ఆ బాధ్యతను వహించి, దీర్ఘకాలము నిర్వహించెను.

చెస్టరు పట్టణము తన బిడ్డను విగ్రహముతో గౌరవించుటకు 1977వ సంవత్సరము రావలసివచ్చెను. ఆ యేట నదీతీరపు ఉద్యానమున ఆరడుగుల పొపాయి కాంస్యమూర్తిని నిలిపిరి. 2006లో వింపీ వెలసెను. మరుసటి యేట పసిబిడ్డ నెత్తుకొన్న ఆలివు, 2008లో పొపాయి శత్రువైన బ్లూటో వచ్చిరి. అది మొదలు దాదాపు ఏటేటా ఒక పాత్ర ఆ పట్టణపు వీథులలో నిలుచుచు వచ్చెను. యాత్రికులు ఒకదాని వెంట ఒకటి చూచుచు ఊరంతయు తిరుగుదురు. ఆయన కథలలోనికి పోయినవారు ఈ విధముగా ఊరికి తిరిగి వచ్చిరి.

ఇందు ఒక విషాదమును కలదు. ఫీగెల్ 1947లో మరణించెను. అతని సమాధిపై చిరకాలము పేరు చెక్కిన రాయి యైనను లేదు. ఊరిలో పొపాయి కాంస్యమూర్తి నిలిచిన పిదపగూడ దాదాపు ఇరువదియేండ్లు అతడు అనామకుడుగనే పడియుండెను. 1996లో పొపాయి అభిమానులు ఆ లోపమును తీర్చి, సమాధిరాతిపై సీగరు గీసిన పొపాయి రూపమును చెక్కించిరి. ఛాయకు పూజ జరిగిన ఎన్నాళ్లకో మనిషికి గుర్తింపు లభించెను. ఊరు అర్ధశతాబ్దమునకు గుర్తించిన దానిని, నాటకశాలలో డ్రమ్ములు వాయించిన బాలుడు తొలిచూపుననే గుర్తించియుండెను.

బ్రతుకుతెరువునకై పుట్టినయూరు విడిచి దూరనగరములు చేరువారు వెంట గొనిపోవు సంపదలలో ఊరి మనుష్యుల జ్ఞాపకము లొకటి. వీథిచివర అంగడివాడు, అరుగుమీది తిండిపోతు, పిల్లలు భయపడు కోపిష్ఠి మనస్సులో నిలిచియుందురు. అట్టివారిని సీగరు మరువలేదు, కించపరుపలేదు. చెస్టరు ఉద్యానములోని ఒంటికన్ను ఓడవాడు ఆ సంగతినే నేటికిని చాటుచున్నాడు.