కాన్సర్ మందుకు దారి చూపిన భీమవరం బిడ్డ

పిల్లలకు రక్తపు కాన్సర్ వస్తే ఆశ వదులుకోవలసిన రోజులవి. ఆ జబ్బుకు మందుంటుందని మొదట చూపిన వారిలో మన భీమవరం బిడ్డ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఆయన 1895 జనవరి 12న పుట్టారు. చదువు మీద మనసు నిలవక, అరటిపళ్ళు అమ్ముకుందామని చిన్నతనంలోనే కాశీకి బయలుదేరితే తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. రాలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. అన్న పురుషోత్తం స్ప్రూ అనే గ్రహణి జబ్బుతో చనిపోవడం ఆయన్ను కలచివేసింది.

1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో కూలి పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. స్ప్రూను నయం చేసే ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందం 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసింది. అప్పటికి అన్న లేడు.

కథ అక్కడితో ఆగలేదు. ఒంట్లో ఒక కణం రెండు కావాలంటే దానిలోని డి.ఎన్.ఏ.కు నకలు తయారు కావాలి. అందుకు ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. అడ్డూ అదుపూ లేకుండా పెరిగే కాన్సర్ కణాలకు అది మరీ అవసరం. సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను కొద్దిగా మార్చి అమినోప్టెరిన్ తయారుచేసింది. అది తాళంలో దూరి, తిరగక ఇరుక్కుపోయే తాళంచెవి లాంటిది. డి.ఎన్.ఏ. తయారీ నిలిచిపోతుంది.

బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947 చివర ఆ మందును పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టింది. అయినా మందుకు లొంగుతుందని తేలింది. ఆ నివేదిక 1948 జూన్ 3న వెలువడింది. ఆగస్టు 8న సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. వయసు 53. భార్య శేషగిరి ఎదురుచూస్తూ ఉండగా, స్వదేశానికి తిరిగి రాకుండానే వెళ్ళిపోయారు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్‌ను ఇతర మందులతో కలిపి పిల్లల రక్తపు కాన్సర్‌కు నేటికీ ఇస్తున్నారు. కీళ్ళవాతానికీ వాడుతున్నారు. ఆ మాత్ర మింగే వారిలో ఎందరికో ఆయన పేరు తెలియదు. ఆయన పుట్టిన గడ్డ మీది వారికైనా తెలియాలి.