రైతును నమ్మిన బోల్షివిక్కు: నికొలాయ్ బుఖారిన్

1925 ఏప్రిల్ 17వ తేదీన మాస్కోలోని బొల్షాయ్ నాటకశాల క్రిక్కిఱిసి యుండెను. ఆనాడచ్చట నృత్యము లేదు, సంగీతము లేదు. కూర్చున్నవారు పార్టీ కార్యకర్తలు. వేదికపై నిలిచినవాడు ముప్పదియాఱేండ్ల పొట్టి మనిషి, ఎఱ్ఱని చిఱుగడ్డమువాడు. రైతులందఱును భయము విడిచి పొలములను వృద్ధి చేసికొని, సంపదను పెంచుకొనవలెనని ఆయన పిలుపునిచ్చెను. ధనికవర్గముపై యుద్ధము ప్రకటించి ఎనిమిదేండ్లయినను నిండని దేశమున, ఆ పార్టీ మహానాయకులలో ఒకడే ఇట్టి మాట పలుకుట పెక్కుమందికి మింగుడు పడలేదు. ఆ మాట తప్పని కొలది నెలలకే ఆయనచేత ఒప్పించిరి. మాటను వెనుకకు తీసికొనెను గాని, ఆలోచనను విడువలేదు.

నికొలాయ్ బుఖారిన్ 1888లో మాస్కోలో జన్మించెను. తల్లిదండ్రు లిరువురును ఉపాధ్యాయులు. పక్షులను పెంచుట, సీతాకోకచిలుకలను సేకరించుట, బొమ్మలు గీయుట ఆయనకు చిన్ననాటి వేడుకలు. తుదివఱకు ఇవి ఆయనను విడువలేదు. 1906లో బోల్షివిక్కులలో చేరెను. 1911లో ఉత్తరమునకు ప్రవాసము పంపగా తప్పించుకొని విదేశములకు పోయెను. వియన్నాలో తాను ఖండింపదలచిన ఆర్థికవేత్తల పాఠములనే విద్యార్థియై వినెను. విప్లవానంతరము చిరకాలము ప్రావ్దా పత్రికకు సంపాదకుడుగా నుండెను.

రైతు పక్షమున వాదించిన యీ మనిషి మొదట అందఱికంటె తీవ్రవాది యన్న సంగతి మఱువరాదు. 1920లో వ్రాసిన గ్రంథమున సంతయు నాణెమును అంతరించునని తలచి, బలప్రయోగమును సమర్థించెను. అప్పటి విధానమును అట్టిదే. సాయుధదళములు పల్లెలకు పోయి గాదెలూడ్చి ధాన్యము తెచ్చెడివి. మిగిలినదెల్ల సర్కారు పాలగునపుడు రైతు ఎక్కువ విత్తుటెందుకు? తన కడుపునకు చాలినంతే విత్తెను. తాంబోవ్ మండలమున రైతులు తిరుగబడిరి; 1921 మార్చిలో క్రోన్‌స్టాట్ నావికులు తిరుగబడిరి. ఆ వెనుకనే వోల్గా తీరమున కఱవు వచ్చి, సుమారు ఏబది లక్షలమందిని పొట్టన బెట్టుకొనెను.

1921 మార్చిలోనే లెనిన్ దారి మార్చెను. జప్తుకు బదులు నిర్ణీతమైన పన్ను. అది చెల్లించిన పిదప మిగిలిన గింజ రైతుదే, సంతలో అమ్ముకొనవచ్చును. ఇంత చిన్న మార్పుతో బీడులు మరల పచ్చబడెను. నాలుగైదేండ్లలో పంట యుద్ధపూర్వపు స్థాయిని సమీపించెను. చిక్కులు లేకపోలేదు. 1923లో ఫ్యాక్టరీ సరకుల ధర, ధాన్యపు ధరతో పోల్చినచో, 1913 నాటికంటె సుమారు మూడింతలయ్యెను. గోధుమ అమ్మి మేకులు కూడ కొనలేని రైతు ధాన్యము నింటనే దాచెను.

ఈ యనుభవమే బుఖారిన్‌కు గురువయ్యెను. రైతు చేతిలో డబ్బాడినగాని బట్టకును నాగలికిని గిరాకి యుండదు. గిరాకి లేక ఫ్యాక్టరీ నిలువదు. అమ్మకపు సహకార సంఘములు, పరపతి సంఘములు రైతును మెల్లగా, ఇష్టపూర్వకముగా సామ్యవాదమునకు గొనిపోవును. తాబేటి నడక యైనను సరే, దారి అదియే యని ఆయన వాదించెను. రైతును పిండి పరిశ్రమలకు పెట్టుబడి కూర్చవలెనన్న ప్రియొబ్రజెన్‌స్కీ, ఒకప్పుడు ఆయనతో కలిసి పుస్తకము వ్రాసిన మిత్రుడే.

1927 చివర సర్కారు ఇచ్చు ధర గిట్టక ధాన్యము రాలేదు. 1928 జనవరిలో స్టాలిన్ స్వయముగా సైబీరియాకు పోయి, దాచినవారిపై శిక్షాస్మృతిని ప్రయోగింపజేసెను. ధర పెంచుడు, పల్లెకు సరకు పంపుడని బుఖారిన్ మొఱపెట్టెను. ఆ జులైలో రహస్యముగా కామెనేవ్ ఇంటికి పోయి స్టాలిన్‌ను చెంఘిజ్ ఖాన్‌తో పోల్చెను. కాని ఆ కామెనేవ్‌నే, ట్రాట్‌స్కీనే పడద్రోయుటకు స్టాలిన్‌కు చేయూతనిచ్చినది తానే. తాను నిలుపదగిన తోడును తానే నఱకికొనెను; ఇది ఆయన జీవితమున క్షమింపరాని తప్పు. 1929 నవంబరులో పొలిట్‌బ్యూరోనుండి వెడలగొట్టబడి, ఆ నెలలోనే తప్పొప్పుకొనుచు సంతకము చేసెను.

ఆ చలికాలముననే సామూహికీకరణము ఉప్పెనవలె పల్లెలపై బడెను. కాస్త కలిగిన రైతుపై కులక్కు ముద్ర వేసి, లక్షల కుటుంబములను దూరప్రాంతములకు తోలిరి. సంఘమున కప్పగించుటకంటె మేలని రైతులు పశువులను కోసికొనిరి. నాలుగేండ్లలో గుఱ్ఱముల సంఖ్య సగమయ్యెను. 1932-33 కఱవులో ఉక్రెయిన్, కజక్‌స్తాన్, కుబాన్ ప్రాంతములలో ఏబది లక్షలకు పైగా మరణించిరి. 1930లో ఉక్రెయిన్ రైలు స్టేషనులలో, పొట్టలుబ్బిన బాలలు బిచ్చమెత్తుట చూచి, జేబులోనిదంతయు పంచిపెట్టి, మాస్కో చేరిన పిదప ఆయన వెక్కివెక్కి యేడ్చెనని భార్య అన్నా లారినా తన స్మృతులలో వ్రాసెను.

1937 ఫిబ్రవరి 27న ఆయనను నిర్బంధించిరి. చెఱసాలలో నాలుగు గ్రంథములు వ్రాసెను. వానిలో నొకటి తన బాల్యమును గూర్చిన నవల. 1938 మార్చి విచారణలో పెక్కు నేరములకు తలయొగ్గినను, లెనిన్‌ను చంపజూచెనన్న యారోపణను మాత్రము ఒప్పుకొనలేదు. ఆ నెల 15న కాల్చి చంపిరి.

పట్టువడుటకు ముందు రానున్న తరమువారికై ఒక లేఖ వ్రాసి, భార్యచేత కంఠస్థము చేయించెను. కాగితముంచుకొన్నచో ప్రాణహాని. ఇరువదియేండ్ల చెఱలోను ప్రవాసములోను ఆమె దానిని మనసులో వల్లెవేసికొనుచునే యుండెను. 1988 ఫిబ్రవరిలో సోవియట్ సుప్రీంకోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించెను. అప్పటికే చైనాలో పొలములు కుటుంబముల గుత్తకు మరలియుండెను. అచ్చటి పండితులు బుఖారిన్ గ్రంథములను శ్రద్ధగా చదువుచుండిరి.

తండ్రి పట్టువడునాటికి ఏడాదియైనను నిండని కుమారుడు యూరి అన్యుల చేతులలో పెరిగెను. తానెవరి బిడ్డయో 1956లో తల్లి చెప్పువఱకు ఎఱుగడు. అతడు చిత్రకారుడయ్యెను.