నెగ్గితే రాజీనామా చేస్తానన్న అభ్యర్థి

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా అక్కడి అర్ధరాత్రి టెలివిజన్ హాస్యగాళ్ళ చమత్కారాలు ఢిల్లీలో మా ప్రెస్ గ్యాలరీ మిత్రుల కాలక్షేపానికీ అక్కరకు వస్తూ ఉంటాయి. టెలివిజన్ రాకముందే ఆ విద్యకు ఓనమాలు దిద్దిన విల్ రోజర్స్‌ను మాత్రం మాలో తలచుకొనేవారు అరుదు.

1879లో, తరువాత ఓక్లహోమా రాష్ట్రంగా మారిన ఇండియన్ టెరిటరీలో, చెరోకీ తెగ కుటుంబాన ఆయన జన్మించాడు. తండ్రి తెగ సెనేటులో సభ్యుడు, పెద్ద పశుసంపద గలవాడు. తెగ ఉమ్మడి భూమిని ప్రభుత్వం కమతాలుగా చీల్చి పంచడంతో ఆ మందలకు మేతబీడు కరవైంది. కొడుకు తాడు విసిరే విద్యను నమ్ముకొని రంగస్థలమెక్కాడు.

1915లో న్యూయార్కులో, జీగ్‌ఫెల్డ్ నాటకశాల మేడమీద అర్ధరాత్రి సాగే ప్రదర్శనలో చేరాడు. వచ్చేవారు చాలావరకు రోజూ వారే. నిన్నటి హాస్యం నేటికి చద్ది. అందుచేత ఏ పూట పత్రికలు ఆ పూట చదివి, తాడు తిప్పుతూ రాజకీయ వార్తలపై మాట్లాడసాగాడు. (ముడిసరుకు మా పత్రికలవారిదేనన్నమాట!) 1916లో బాల్టిమోరులో అధ్యక్షుడు విల్సన్ ఎదుటనే ఆయన ప్రభుత్వాన్ని పరిహసించాడు. విల్సన్ నవ్వాడు.

1928లో 'లైఫ్' అనే హాస్య వారపత్రిక ఆయనను అధ్యక్ష పదవికి నిలబెట్టింది. నెగ్గితే రాజీనామా చేస్తాననడమే ఆయన ఏకైక వాగ్దానం. హూవర్, స్మిత్ నిజంగా పోరాడుతూండగా, ఈయన ఇరుపక్షాల బూటకాలనూ వారం వారం ఎండగట్టాడు. చివరకు పత్రిక ఆయనే గెలిచాడని ప్రకటించింది. ఆయన మాట నిలుపుకొన్నాడు. 1932 డెమొక్రటిక్ మహాసభలో మాత్రం ఓక్లహోమా ప్రతినిధులు ఆయనకు నిజంగానే 22 ఓట్లు వేశారు.

నన్ను ఆలోచింపజేసేది మరొకటి. 1928 జనవరిలో రేడియోలో ఆయన అధ్యక్షుడు కూలిడ్జ్ గొంతును అనుకరించాడు. కొందరు శ్రోతలు అధ్యక్షుడే మాట్లాడాడని భ్రమించారు. రోజర్స్ నొచ్చుకొని క్షమాపణ లేఖ రాశాడు. కూలిడ్జ్ తేలికగా తీసుకొన్నాడు. ఎవరి గొంతునైనా యంత్రం చేత పలికించగల ఈ రోజులలో అంతటి సంకోచం ఎవరికున్నది? అయితే 1934లో నల్లజాతివారిని కించపరచే మాటను రేడియోలో పలుమార్లు వాడి, నిరసనలు వచ్చినా ఆయన అదే సంకోచాన్ని చూపలేదు. అధ్యక్షునికి దక్కిన మర్యాద ఆ శ్రోతలకు దక్కలేదు. తెగ భూమి చీలిపోవడం కళ్ళారా చూసినవాడు ఇలా చేశాడంటే నాకు మింగుడుపడదు.

1935 ఆగస్టు 15న అలాస్కా ఉత్తరపు కొసన, పాయింట్ బారో సమీపాన, వైలీ పోస్ట్ నడుపుతున్న చిన్న విమానం కూలి ఇద్దరూ మరణించారు. పత్రికలకు రాయడానికి రోజర్స్ వెంట తీసుకొని వెళ్ళిన టైపురైటరు ఆ శిథిలాలలో దొరికింది.