కాంతి కణం తిరుగుడును పట్టుకున్న తెలుగువాడు – సూరి భగవంతం

స్వర్ణోత్సవ సంచికకు సైన్సు మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగింది. 1925లో హైసెన్‌బర్గ్ క్వాంటం యాంత్రిక శాస్త్రానికి పునాది వేసి నూరేళ్ళు నిండాయి కనుక ఆ విషయమే తీసుకున్నాను. క్వాంటం అనగానే మనకు ప్లాంక్, ఐన్‌స్టీన్, బోర్, ష్రోడింగర్ గుర్తొస్తారు. మన దేశం నుంచి బోస్, రామన్ పేర్లు చెప్పుకుంటాం. ఆ ఇద్దరినీ కలిపిన ఒక ప్రయోగంలో మన తెలుగు యువకుడు పాల్గొన్నాడని, అప్పటికి ఆయన వయసు ఇరవై రెండేళ్ళకు మించలేదని చాలామందికి తెలియదు. ఆయనే డాక్టర్ సూరి భగవంతం.

భగవంతం 1909 అక్టోబర్ 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. డిగ్రీ చదివింది హైదరాబాద్ నిజాం కళాశాలలో. అప్పట్లో ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ తన ప్రసిద్ధ ఫలితాన్ని కనుగొన్నారు. మనం ఏటా జాతీయ సైన్సు దినోత్సవం జరుపుకునేది ఆ రోజునే. ఆ ఏడాదే భగవంతం కలకత్తా వెళ్ళి, బౌబజార్ వీధిలో ఉన్న ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో రామన్ దగ్గర పరిశోధక విద్యార్థిగా చేరారు.

ఆ ప్రయోగశాలలో ఖరీదైన సామగ్రి తక్కువ. పాదరసపు దీపం, గాజు గొట్టాలు, స్పెక్ట్రోగ్రాఫ్, ఫోటో ప్లేట్లు, వీటితోనే పని. రామన్ ఫలితం చాలా బలహీనమైనది. పదార్థం మీద పడిన కాంతిలో రంగు మారి చెదిరేది సుమారు కోటిలో ఒక వంతు. దాన్ని ప్లేటు మీదికి ఎక్కించాలంటే ద్రవాలకైతే గంటల తరబడి, వాయువులకైతే రోజుల తరబడి దీపం వెలిగించి ఉంచాలి. మధ్యలో దీపం ఆరినా, ప్లేటు కదిలినా మళ్ళీ మొదటికే. భగవంతం చేతులు అలవాటు పడింది ఇలాంటి పనికి. 1930లో ఆయన వజ్రం మీద పడి చెదిరే కాంతిని పరిశీలించి ఫలితాలు ప్రచురించారు. వజ్రం రామన్ వర్ణపటాన్ని మొదట చూసిన కొద్దిమందిలో ఆయన ఒకరు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1924లో ఢాకాలో సత్యేంద్రనాథ్ బోస్ ప్లాంక్ సూత్రాన్ని కొత్త దారిలో రాబట్టి, ఆ వ్యాసాన్ని ఐన్‌స్టీన్‌కు పంపారు. కాంతి కణాలను లెక్కపెట్టే ఆ పద్ధతిలో సరైన జవాబు రావాలంటే ఒకచోట రెండుతో గుణించాల్సి వచ్చింది. ఆ రెండు ఎక్కడిది? అచ్చయిన వ్యాసంలో దానికి వివరమైన సమాధానం లేదు. బోస్ మనసులో మాత్రం ఒక ఊహ ఉంది. కాంతి కణానికి శక్తి, ద్రవ్యవేగం ఉన్నట్టే సొంత భ్రమణం కూడా ఉండవచ్చని, ఆ భ్రమణం కుడివైపుకో ఎడమవైపుకో ఉండే వీలుంది కాబట్టి రెండు వస్తోందని. ఈ సంగతి మనకు తెలిసింది రామన్, భగవంతం వల్లనే. బోస్ తమతో స్వయంగా చెప్పిన విషయంగా దీన్ని వాళ్ళు 1931లో తమ పరిశోధన పత్రంలో నమోదు చేశారు.

సులభంగా చెప్పాలంటే, చిన్నప్పుడు మనం ఆడిన బొంగరాన్ని తలచుకోండి. ముందుకు దూసుకెళ్తున్న బొంగరం, వెళ్ళే దిశనే ఇరుసుగా చేసుకుని కుడికో ఎడమకో తిరుగుతోందనుకోండి. కాంతి కణం నిజంగా ఇలాంటి బంతి కాదు, పోలిక అంతవరకే. కానీ దానికి కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది. దాని పరిమాణం ప్లాంక్ స్థిరాంకాన్ని 2π తో భాగించినంత. ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. దీన్నే స్పిన్ ఒకటి అంటాం.

కాగితం మీద ఇది అందంగానే ఉంది. నిజమని తెలిసేదెలా? ఒక్కో కణం మోసే భ్రమణం జౌల్-సెకన్లలో రాస్తే దశాంశ బిందువు తర్వాత ముప్పై మూడు సున్నాలు పెట్టాలి. అందుకే రామన్, భగవంతం నేరుగా కొలిచే పని పెట్టుకోకుండా, తమకు బాగా తెలిసిన దారినే ఎంచుకున్నారు. వాయువులో అణువులు ఊరికే ఉండవు, గిరగిరా తిరుగుతుంటాయి. కాంతి కణానికి నిజంగా భ్రమణం ఉంటే, అణువును తాకినప్పుడు కొంత భ్రమణం ఒకదాని నుంచి మరొకదానికి మారాలి. కుడివైపు తిరిగే కణం ఎడమవైపుకు మారిందంటే రెండు ప్రమాణాల లెక్క తేడా వస్తుంది, ఆ రెండూ అణువు ఖాతాలోకి పోవాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం జరిగిన జాడ చెదిరిన కాంతి ధ్రువణంలో కనిపించాలి.

ధ్రువణమంటే కాంతి కంపనాలు ఒకే దిశలో ఉండడం. స్తంభానికి తాడు కట్టి పైకీ కిందికీ మాత్రమే ఊపితే తాడు ఎలా కదులుతుందో అలా. అణువుల మీద పడి తొంభై డిగ్రీల కోణంలో పక్కకు చెదిరిన కాంతికి ఈ క్రమశిక్షణ చాలావరకు ఉంటుంది, కొంత పోతుంది. ఎంత పోయిందన్నదే ప్రశ్న. రంగు మారని మధ్య గీతను, దానికి రెండు పక్కలా అణువుల భ్రమణం వల్ల ఏర్పడే రెక్కలను విడదీసి చూసి, ఆ అంకెలను సిద్ధాంతంతో పోల్చారు. కాంతి కణానికి ఒక ప్రమాణం భ్రమణం ఉందనడానికి ఇది రుజువని నిర్ణయానికి వచ్చారు. 1931లో ఆ ఫలితం నేచర్ పత్రికలోనూ ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లోనూ వెలువడింది.

ఉన్నదున్నట్టు చెప్పాలి కదా, అది పరోక్ష సాక్ష్యం. నేరుగా రుజువు చేసింది అమెరికాలో బెత్. 1936లో ఆయన సన్నని క్వార్ట్జ్ పోగుకు ఒక పలకను వేలాడదీసి, దాని గుండా వృత్తాకార ధ్రువణమున్న కాంతిని పంపితే, కాంతి తోసిన తోపుకు పలక మెలి తిరగడం కొలిచారు. చాలా పాఠ్యపుస్తకాల్లో కనిపించేది ఈ ప్రయోగమే. దానికి ఐదేళ్ళ ముందే కలకత్తాలో అదే ప్రశ్నను ప్రయోగబల్ల మీదికి తెచ్చినవాళ్ళ పేర్లు మన పిల్లలకైనా తెలియాలి.

ఈ స్పిన్ ఒకటి అనేది పాతబడిన విషయం కాదు. 2012లో జెనీవా దగ్గర సెర్న్‌లో హిగ్స్ కణాన్ని పట్టుకున్నప్పుడు, అది రెండు కాంతి కణాలుగా విడిపోవడం కనిపించింది. స్పిన్ ఒకటి ఉన్న కణమేదీ అలా రెండు కాంతి కణాలుగా విడిపోలేదని సిద్ధాంతం చెబుతుంది. కనుక కొత్త కణం స్పిన్ ఒకటి కాదని వెంటనే తేలింది. 27 కిలోమీటర్ల సొరంగంలో చేసిన ఆ తర్కానికి ఆధారం, కాంతి కణం భ్రమణం ఎంతో మనకు తెలిసి ఉండడమే.

1932లో భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. అప్పుడు వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. ముప్పై ఏళ్ళు నిండకముందే భగవంతం ఆచార్యులై, భౌతికశాస్త్ర శాఖకు అధిపతి అయ్యారు. అక్కడ ఆయన పని రెండు పాయలుగా సాగింది. ఒకటి ప్రయోగం, రెండోది సమూహ సిద్ధాంతం.

సమూహ సిద్ధాంతం పేరు వినగానే భయపడనక్కరలేదు. మన వరంగల్ కోటలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు నిలబడి ఉన్నాయి. మధ్యలో నిలబడి పావు వంతు తిరిగితే మళ్ళీ అదే తోరణం ఎదురుగా ఉన్నట్టుంటుంది. ఇలా తిప్పినా మారకుండా ఉండే గుణాన్ని సౌష్ఠవం అంటాం. వాకిట్లో వేసే ముగ్గులోనూ అదే ఉంది. అణువులకు, స్ఫటికాలకు ఎలాంటి సౌష్ఠవముందో తెలిస్తే చాలు, వాటి కంపనాల్లో ఏవి రామన్ వర్ణపటంలో కనిపిస్తాయో ఏవి కనిపించవో ప్రయోగానికి ముందే చెప్పవచ్చు. ఈ లెక్కను భౌతికశాస్త్ర విద్యార్థులకు అందేలా భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే దాన్ని ప్రచురించింది. తర్వాత 1969లో విదేశీ ప్రచురణ సంస్థ అకడమిక్ ప్రెస్ మళ్ళీ అచ్చువేసింది.

ఈ పద్ధతితోనే 1942లో ఆయన ఒక పాత లెక్కను సరిదిద్దారు. స్ఫటికాన్ని నొక్కితే అందులో కాంతి ప్రయాణించే తీరు మారుతుంది. దాన్ని వర్ణించడానికి ఏ రకం స్ఫటికానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ ఏనాడో పట్టిక వేశారు. కొన్ని రకాల విషయంలో ఆ పట్టిక తప్పని భగవంతం చూపించారు. మరోపక్క భీమసేనాచార్‌తో కలిసి, సన్నగా మొదలై మందంగా ముగిసేలా కోసిన క్వార్ట్జ్ పలకతో అతిధ్వని తరంగాలు పుట్టించి, వజ్రం స్థితిస్థాపక గుణకాలను కొలిచారు. అంత గట్టి పదార్థానికి, అంత చిన్న ముక్కతో కొలత తీయడం మామూలు పని కాదు. ఇదంతా రెండో ప్రపంచ యుద్ధకాలంలో, విశాఖ మీద బాంబులు పడి విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలిన రోజుల్లో.

తర్వాత ఆయన మన ప్రాంతానికి వచ్చారు. కొంతకాలం లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్ర విషయాల అధికారిగా పనిచేసి, 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1952 నుంచి 1957 వరకు అక్కడ వైస్ ఛాన్సలర్. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా వరంగల్ కళాశాలల్లో చదివినవాళ్ళు తీసుకున్నది ఉస్మానియా డిగ్రీలే. మన తండ్రుల తరంలో కొందరి పట్టాల కాలం భగవంతం గారి హయామే. అది తేలికైన కాలం కాదు. ఉర్దూ మాధ్యమం పోయి ఇంగ్లీషు వస్తోంది. 1952లోనే ముల్కీ ఆందోళన మన వరంగల్లో మొదలై హైదరాబాద్‌కు పాకింది. 1956లో రాష్ట్రమే మారిపోయింది. ఆ ఐదేళ్ళూ ఒక విశ్వవిద్యాలయాన్ని నడపడం ఏ ప్రయోగానికీ తీసిపోని పరీక్ష.

1957 నుంచి 1962 వరకు బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్. ఒకప్పుడు గురువు రామన్ కూర్చున్న కుర్చీ అది. 1961 నుంచి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు. 1962, 1965 యుద్ధాలు ఆ కాలంలోనే వచ్చాయి. హైదరాబాద్‌లో రక్షణ ప్రయోగశాలలు నిలదొక్కుకున్నదీ అప్పుడే. ఇన్ని బాధ్యతల మధ్యా చదువు వదల్లేదు. స్ఫటికాల సౌష్ఠవం, భౌతిక ధర్మాల మీద ఆయన పుస్తకం 1966లో వచ్చింది. పదవులు ఆయన్ని ప్రయోగబల్లకు దూరం చేశాయన్న మాటలో నిజం లేకపోలేదు. అయితే కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశంలో ప్రయోగశాలలు కట్టేవాళ్ళు కూడా కావాలి, ఆ పని తెలిసినవాళ్ళు కొద్దిమందే. 1989 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు.

ఈ జీవితం నుంచి నేను, ఒక ఇంజినీరుగా, తీసుకున్నది ఒక్కటే. సిద్ధాంతం ఎంత గొప్పదైనా ఎవరో ఒకరు దీపం వెలిగించి, ప్లేటు పెట్టి, కొలవాలి. ఉద్యోగరీత్యా ఏటా కొత్త ఇంజినీర్లను ఇంటర్వ్యూ చేస్తుంటాను. ష్రోడింగర్ సమీకరణం బోర్డు మీద చకచకా రాసే పిల్లలు వెర్నియర్ చేతికిస్తే తడబడుతున్నారు. తప్పు వాళ్ళది కాదు. చాలాచోట్ల ప్రాక్టికల్స్ అంటే రికార్డు నోట్సు దించుకోవడం, ల్యాబు గది అంటే విరిగిన బెంచీలు దాచే గది అయిపోయింది.

అందుకే సంఘానికి ఒక ప్రతిపాదన. స్వర్ణోత్సవ నిధిలో కొంత భాగం మన బడి ల్యాబుకు కేటాయిద్దాం. మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. గాజు గ్లాసు నిండా నీళ్ళు, అందులో రెండు మూడు చుక్కల పాలు, ఒక టార్చిలైటు, ఒక పోలరాయిడ్ ముక్క. చీకటి గదిలో టార్చి వేసి, పక్కనుంచి పోలరాయిడ్‌లో చూస్తూ దాన్ని నెమ్మదిగా తిప్పితే, చెదిరిన కాంతి ఒకసారి వెలుగుతుంది, ఒకసారి మసకబారుతుంది. పాలు ఎక్కువ పోస్తే ఆ తేడా తగ్గిపోతుంది. కలకత్తాలో భగవంతం వెంటబడిన ధ్రువణం ఇదే. ఇది చూసిన పిల్లవాడు ఎందుకిలా అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేందుకు నెలకో ఆదివారం బడికి రావడానికి నేను సిద్ధం. నాతో కలిసి వచ్చేవాళ్ళు సంఘం కార్యదర్శికి పేర్లు ఇవ్వండి.

– 1986 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి