ఆరున్నరేళ్లకు ఇల్లు చేరిన గుల్‌బదన్ బేగం

మొఘల్ బాదుషాల గురించి చెప్పమంటే మనలో చాలామంది బాబర్ నుంచి ఔరంగజేబు దాకా పేర్లు గడగడా చెప్పేస్తారు. అదే ఇంట్లో పుట్టి, తోటి ఆడవాళ్లను వెంటబెట్టుకుని మక్కాకు వెళ్లి, మధ్యలో ఓడ పగిలి, అయినా అందరినీ తిరిగి ఇంటికి చేర్చిన గుల్‌బదన్ బేగం గురించి మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. ఆమె బాబర్ కూతురు, హుమాయూన్‌కు చెల్లెలు, అక్బర్‌కు మేనత్త, అంటే ఫూఫీ.

గుల్‌బదన్ 1523 ప్రాంతంలో కాబూల్‌లో పుట్టారు. కన్నతల్లి దిల్దార్ బేగం. పెంచింది మాత్రం హుమాయూన్ తల్లి మాహమ్ బేగం. తండ్రి హిందుస్తాన్ మీదికి బయల్దేరేటప్పటికి ఆమెకు రెండేళ్లు. ఆరేళ్ల వయసులో, 1529లో, మాహమ్‌తో కలిసి కాబూల్ నుంచి ఆగ్రా వచ్చి తండ్రిని చూశారు. ఆ మరుసటి ఏడాదే బాబర్ కన్నుమూశారు. 1540లో హుమాయూన్ రాజ్యం పోగొట్టుకోవడంతో మళ్లీ కాబూల్ దారి పట్టాల్సి వచ్చింది. మేనల్లుడు అక్బర్ గద్దెనెక్కాక 1557లో తిరిగి హిందుస్తాన్ చేరారు. జనానా అనగానే నాలుగు గోడల మధ్య బతుకు అనుకుంటాం గానీ, ఆమె సగం జీవితం ఒంటెల మీద, గుర్రాల మీద, గుడారాల్లోనే గడిచింది.

హజ్‌కు వెళ్లాలన్న కోరిక ఆమెకు చాలా కాలంగా ఉంది. కానీ దారేది? భూమార్గం సఫవీల ఇరాన్ మీదుగా పోతుంది. సముద్రం మీద పోర్చుగీసు వాళ్ల పెత్తనం. వాళ్లు ఇచ్చే అనుమతి పత్రం లేకుండా ఓడ కదలదు, ఆ పత్రం మీద మేరీ, ఈసా బొమ్మలు ఉంటాయి. ఇలాంటి పరిస్థితిలో హజ్ ఫర్జ్ కాదని దర్బారులో పెద్ద ఆలిమ్ ఒకరు ఫత్వా కూడా ఇచ్చారు. బేగం దాన్ని పట్టించుకున్నట్టు కనపడదు. దమన్ దగ్గరి బుత్సర్ అనే ఊరిని పోర్చుగీసు వాళ్లకు ఇచ్చేసి మరీ పత్రం తెచ్చుకున్నారు.

1575 చివర్లో ఫతేపూర్ సిక్రీ నుంచి కాఫిలా కదిలింది. అందులో ఎవరెవరు ఉన్నారో చూస్తే ఈ ప్రయాణం అసలు బరువు తెలుస్తుంది. అక్బర్ భార్య, బాబర్ మనవరాలు సలీమా సుల్తాన్ బేగం ఉన్నారు. గుల్‌బదన్ సొంత మనవరాలు ఉమ్మె కుల్సూమ్, బాబర్ కాలం నుంచి ఇంట్లో ఉన్న పెద్దావిడ గుల్నార్ ఆగా ఉన్నారు. వాళ్లతో పాటు అన్న కామ్రాన్ కూతుళ్లు ఇద్దరు, మరో అన్న అస్కరీ భార్య సుల్తానమ్ వచ్చారు. కామ్రాన్ ఎవరు? తమ్ముడై ఉండి హుమాయూన్‌తో ఏళ్ల తరబడి తలపడినవాడు. చివరికి 1553లో హుమాయూన్ అతని కళ్లు తీయించి మక్కాకు పంపేశాడు. అక్కడే చనిపోయాడు. అస్కరీనీ అలాగే పంపేస్తే దారిలోనే ప్రాణం పోయింది. అంటే ఆ ఇద్దరు అమ్మాయిలకు మక్కా తండ్రి మట్టిలో కలిసిన ఊరు. సుల్తానమ్‌కు అది భర్త చేరలేకపోయిన ఊరు. అన్నదమ్ముల మధ్య అంత జరిగినా ఇంటి ఆడవాళ్లు మాత్రం ఒకే కాఫిలాలో కదిలారు.

అయిదేళ్ల షహజాదా మురాద్‌ను సూరత్ దాకా సాగనంపమని అక్బర్ వెంట పంపితే, పసివాడికెందుకీ శ్రమ అని గుల్‌బదనే వెనక్కి పంపించేశారు. సూరత్‌లో అడ్డంకులు ఒకటి పోతే ఒకటి. ఓడ ఎక్కేసరికి దాదాపు ఏడాది గడిచి 1576 అక్టోబర్ వచ్చింది. ఆడవాళ్లు ఎక్కిన ఓడ పేరు సలీమీ.

హిజాజ్‌లో వాళ్లు మూడేళ్లకు పైగా ఉన్నారు, నాలుగు సార్లు హజ్ చేశారు. ఖైరాత్ ధారాళంగా పంచారు. అదే చిక్కు తెచ్చింది. ఇస్తాంబుల్ నుంచి సుల్తాన్ మూడో మురాద్ మక్కా అధికారులకు ఫర్మానాలు పంపాడు. ఈ బేగంల దానాల కోసం జనం గుమిగూడుతున్నారు, ఊళ్లో తిండికి ఇబ్బంది అవుతోంది, హజ్ అవ్వగానే వీళ్లను పంపించేయండి అని వాటి సారాంశం. రద్దీ నిజమే కావచ్చు. హరమైన్‌కు ఖాదిమ్ అనిపించుకునే సుల్తాన్‌కు, అక్కడ ఇంకో బాదుషా పేరు మారుమోగడం నచ్చలేదన్నదీ అంతే నిజం.

ఈలోపు ఇంటి నుంచి కూడా పిలుపు వచ్చింది. వాళ్లను తీసుకురమ్మని అక్బర్ ఖ్వాజా యహ్యాను పంపారు. 1580లో జిద్దా నుంచి బయల్దేరారు. అదన్ దగ్గర ఓడ పగిలిపోయింది. ప్రాణాలు దక్కాయి గానీ, తెలిసినవాళ్లు లేని రేవులో నెలల తరబడి చిక్కుకుపోయారు. అదన్ హాకిమ్ వాళ్ల పట్ల మర్యాదగా నడుచుకోలేదు, అందుకు సుల్తాన్ తర్వాత అతన్ని శిక్షించాడని చెబుతారు. మళ్లీ ఓడ దొరికి, గాలి కలిసొచ్చి సూరత్ చేరేవరకు ఆ కుటుంబాన్ని ఒక్క తాటి మీద ఉంచింది అరవైకి దగ్గరపడుతున్న గుల్‌బదనే.

సూరత్‌లో దిగగానే ఇల్లు వచ్చేసినట్టు కాదు. వానలు పడుతున్నాయి, నదులు నిండి ఉన్నాయి. పైగా అక్బర్ ఊళ్లో లేరు, తమ్ముడు మీర్జా హకీమ్ మీదికి కాబూల్ వెళ్లారు. దాంతో అక్కడే ఆగిపోయారు. ఆ తర్వాతి ప్రయాణమంతా నేల మీదనే. సూరత్ నుంచి ఆగ్రా వైపు ఆ రోజుల్లో రెండు దారులు. ఒకటి బుర్హాన్‌పూర్ మీదుగా, అది అప్పటికింకా ఫారూఖీల రాజ్యం. రెండోది గుజరాత్ దాటి అజ్మేర్ మీదుగా. వీళ్లు అజ్మేర్ దారినే వచ్చారు. అక్కడ ఖ్వాజా ముయీనుద్దీన్ చిష్తీ దర్గాలో ఫాతిహా చదివారు. షహజాదా సలీమ్ ఎదురొచ్చాడు. వీళ్లు బయల్దేరినప్పుడు ఆరేళ్ల పిల్లాడు, ఇప్పుడు పన్నెండేళ్లవాడు. తర్వాతి కాలంలో జహంగీర్ అయింది ఇతనే.

అక్బర్ ఫతేపూర్‌లో కూర్చుని ఎదురుచూడలేదు. ముందుకొచ్చి ఖాన్వా దగ్గర ఫూఫీని కలుసుకున్నారు. 1527లో బాబర్ రాణా సంగాను ఓడించిన మైదానం అదే. ఆ రాత్రి ఎవరూ పెద్దగా నిద్రపోలేదట. ఆరున్నరేళ్ల కబుర్లు కదా. 1582 ఏప్రిల్‌లో కాఫిలా ఫతేపూర్ సిక్రీ చేరింది. ఇక పోర్చుగీసు అనుమతితో పని లేదు కాబట్టి, బుత్సర్‌ను వెనక్కి లాక్కోవాలని మొఘల్ సర్దార్లు అదే ఏడాది ప్రయత్నించారు.

కొన్నేళ్లకు అక్బర్ కోరిక మీద ఆమె కలం పట్టారు. తండ్రి గురించి, అన్న గురించి తనకు గుర్తున్నదంతా సాదా ఫార్సీలో రాశారు. అదే హుమాయూన్ నామా. యుద్ధాల కన్నా ఇంటి సంగతులు, పెళ్లిళ్లు, విందులు, పోయినవాళ్ల మీద బెంగ అందులో ఎక్కువ. ఆనాటి మొఘల్ ఇంటి ఆడవాళ్లలో ఒకరు రాసిన చరిత్ర మనకు దొరికింది ఇదొక్కటే.

1603 ఫిబ్రవరిలో, ఎనభై ఏళ్ల వయసులో, ఆగ్రాలో ఆమె కన్నుమూశారు. చివరి ఘడియల్లో అక్బర్ తల్లి హమీదా బాను పక్కనే ఉన్నారు. జనాజాకు అక్బర్ కొంత దూరం స్వయంగా భుజం పట్టారు.

ఆమె రాసిన పుస్తకానికి పాత ప్రతి ఒక్కటే మిగిలింది, అదిప్పుడు లండన్‌లో ఉంది. పూర్తిగా లేదు. మక్కా, అదన్, అజ్మేర్ దారి, ఇవేవీ అందులో లేవు. కామ్రాన్ కళ్లు తీయించిన ఘట్టం దగ్గర, ఒక వాక్యం మధ్యలో, అది ఆగిపోతుంది.