మూడు దీపాల కారు – ప్రెస్టన్ టకర్

మోటారు వాహనాల చరిత్రలో లక్షలాది కార్లను నిర్మించి కోట్లకు పడగలెత్తినవారు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది పేర్లను లోకం మరచిపోయింది. కాని కేవలం యాభై ఒక్క కార్లను నిర్మించి, ఉన్నదంతా పోగొట్టుకొని, న్యాయస్థానంలో ముద్దాయిగా నిలిచిన ఒక వ్యక్తిని పాత కార్ల అభిమానులు నేటికీ ఆదరంతో తలచుకొంటారు. అతడే ప్రెస్టన్ టకర్.

ప్రెస్టన్ థామస్ టకర్ 1903 సెప్టెంబరు 21న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, కేపాక్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. పసితనంలోనే తండ్రిని కోల్పోయాడు. ఉపాధ్యాయిని అయిన తల్లి అతణ్ణి పెంచి పెద్దచేసింది. మోటారు పరిశ్రమకు కేంద్రమైన డెట్రాయిట్ నగర పరిసరాల్లో పెరగడంవల్ల అతనికి బాల్యం నుండే కార్లపై మక్కువ ఏర్పడింది. పదకొండవ ఏట కారు నడపడం నేర్చుకొన్నాడు. పదహారేళ్ళ వయసుకు పాత కార్లను కొని, బాగుచేసి, లాభానికి అమ్మసాగాడు. చదువు మధ్యలో మానివేసి కాడిలాక్ కంపెనీలో కాగితాలు అందించే కుర్రవాడిగా చేరాడు. పని త్వరగా ముగించడానికి కాళ్ళకు చక్రాల బూట్లు తొడుక్కొని కార్యాలయమంతా తిరిగేవాడట.

తరువాత అతడు లింకన్ పార్క్ పట్టణంలో పోలీసు ఉద్యోగంలో చేరాడు. వేగంగా పోయే కార్లు నడిపే అవకాశం ఉండడమే ఆ ఉద్యోగంలో అతణ్ణి ఆకర్షించిన విషయం. ఆనాటి పోలీసు కార్లలో చలిని తట్టుకొనే ఏర్పాటు లేదు. టకర్ తన కారు డ్యాష్‌బోర్డుకు రంధ్రం చేసి, ఇంజను వేడి లోపలికి వచ్చేటట్లు చేశాడు. పై అధికారులు దీనిని మెచ్చుకోలేదు సరికదా, అతడు ఇకమీదట పోలీసు కార్లు నడపరాదని ఆంక్ష విధించారు. ఉన్నదానితో సరిపెట్టుకోలేని స్వభావం, అనుమతికోసం ఆగని తొందరపాటు జీవితాంతం అతణ్ణి వెన్నంటి ఉన్నాయి.

ఆపై టకర్ కార్ల విక్రయంలో ప్రవేశించి మాటకారిగా పేరు పొందాడు. పందెపు కార్ల నిర్మాణంలో అగ్రగణ్యుడైన హ్యారీ మిల్లర్‌తో అతనికి స్నేహం కుదిరింది. 1935లో ఇద్దరూ కలిసి ఫోర్డ్ కంపెనీ కోసం ఇండియానాపోలిస్ పోటీకి కార్లను సిద్ధం చేశారు. సమయం చాలకపోవడంవల్ల పరీక్షలు సరిగా జరుగలేదు. ఇంజను వేడికి స్టీరింగు బిగుసుకొనిపోయి, పందెంలో దిగిన ఆ కార్లలో ఒక్కటి కూడా గమ్యం చేరలేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో పౌరుల కోసం కార్ల తయారీ నిలిచిపోయింది. యుద్ధం ముగిసేసరికి కొత్త కారు కోసం ప్రజలు ఆత్రంగా ఎదురుచూస్తున్నారు. పెద్ద కంపెనీలు చాలావరకు యుద్ధానికి పూర్వపు నమూనాలనే స్వల్ప మార్పులతో అమ్ముతున్నాయి. ఇదే తగిన తరుణమని టకర్ గ్రహించాడు. పూర్తిగా కొత్తదైన, అన్నింటికంటె సురక్షితమైన కారును నిర్మించాలని సంకల్పించాడు. 1946లో చికాగో నగరంలో, యుద్ధ విమానాల ఇంజన్లు తయారుచేసిన బృహత్తరమైన కర్మాగారాన్ని ప్రభుత్వం నుండి అద్దెకు తీసుకొన్నాడు. అయితే దానిని నడపడానికి కావలసిన పెట్టుబడి అతనివద్ద లేదు. అందుచేత ఇంకా తయారు కాని కారుకు ముందుగానే డీలర్లను నియమించి వారినుండి ధనం సేకరించాడు. పిమ్మట ప్రజలకు వాటాలు విక్రయించాడు. సామాన్య కుటుంబాలవారు సైతం తమ పొదుపు సొమ్మును అతని చేతిలో పెట్టారు.

1947 జూన్ 19న మూడువేలమందికి పైగా అతిథుల సమక్షంలో తొలి నమూనా కారు ఆవిష్కరణ జరిగింది. తెర వెనుక పరిస్థితి మాత్రం వేరుగా ఉంది. కారు బరువుకు సస్పెన్షన్ భాగాలు విరిగిపోవడంతో చివరి నిమిషంవరకు మరమ్మతులు జరిగాయి. ఇంజను చెవులు చిల్లులుపడే మోత చేస్తుంటే, ఆ శబ్దం వినబడకుండా వాద్యబృందంచేత బిగ్గరగా వాయింపజేశారు. ఆ కారు వెనుకకు నడిచేది కూడా కాదు. అయినా తెర తొలగగానే దాని సొగసు చూసి జనం మంత్రముగ్ధులయ్యారు.

టకర్ ఆ లోపాలను దిద్దడానికి అహోరాత్రాలు శ్రమించాడు. ఎంతో ఆర్భాటంగా ప్రకటించిన సొంత ఇంజనును విడిచిపెట్టి, హెలికాప్టర్లలో వాడే ఫ్రాంక్లిన్ ఇంజనును నీటితో చల్లబడే విధంగా మార్పించి, కారు వెనుక భాగంలో అమర్చాడు. అది 166 అశ్వశక్తి గలది. తొలి కార్లకు గేరు పెట్టెలు దొరకకపోగా, 1930ల నాటి కార్డ్ కార్ల గేరు పెట్టెలను వెదకి తెచ్చి బాగుచేయించాడు. అలెక్స్ ట్రెములిస్ రూపకల్పన చేసిన ఆ కారుకు ముందుభాగంలో మూడు దీపాలు ఉండేవి. నడుమ దీపం స్టీరింగుతోపాటు తిరుగుతూ మలుపులలో దారి చూపేది. ప్రమాదం జరిగినపుడు ముందు అద్దం బయటికి ఊడిపోయేటట్లు, డ్యాష్‌బోర్డు మెత్తగా ఉండి తలకు దెబ్బ తగలకుండేటట్లు ఏర్పాటుచేశారు. 1948లో జరిగిన పరీక్షలలో గంటకు సుమారు 95 మైళ్ళ వేగంతో పోతున్న కారు ఒకటి మూడు పల్టీలు కొట్టింది. దానిని నడిపిన వ్యక్తి స్వల్ప గాయాలతో బయటపడ్డాడు.

కారు కుదుటపడుతున్న వేళకు కంపెనీ చిక్కులలో పడింది. ధనం చాలక, కారు కొనదలచినవారికి రేడియో, సీటు తొడుగులు మొదలైనవాటిని ముందుగా అమ్మే పథకాన్ని టకర్ ప్రవేశపెట్టాడు. వాటాల వ్యవహారాలను పర్యవేక్షించే ప్రభుత్వ సంఘం దీనిపై విచారణకు పూనుకొన్నది. 1948 జూన్‌లో ఆ వార్త రేడియోలో వెలువడగానే వాటాల ధర పతనమైంది. అప్పులిచ్చేవారు ముఖం చాటువేశారు. 1949 మార్చిలో కర్మాగారం మూతపడింది. మిగిలిన కొద్దిమంది కార్మికులు అక్కడ ఉన్న భాగాలతో మరికొన్ని కార్లను పూర్తిచేశారు. తొలి నమూనాతో కలిపి మొత్తం యాభై ఒకటి అయినాయి.

ప్రజలను మోసగించాడనే అభియోగంపై టకర్‌ను, అతని సహచరులను విచారించారు. ప్రభుత్వపక్షం సాక్ష్యాలు ముగిసిన తరువాత టకర్ పక్షం ఒక్క సాక్షినైనా ప్రవేశపెట్టలేదు. నేరమే రుజువు కానప్పుడు చెప్పుకోవలసిన సమాధానం లేదని అతని న్యాయవాదులు వాదించారు. 1950 జనవరి 22న జ్యూరీ అందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. కాని అప్పటికే కర్మాగారం చేజారింది. తీర్పు అతని గౌరవాన్ని నిలిపిందేగాని కలను తిరిగి ఇవ్వలేకపోయింది. బ్రెజిల్ దేశంలో మరొక కారును నిర్మించాలని అతడు ప్రయత్నించాడు. ఆ యత్నం సాగుతుండగానే వ్యాధిగ్రస్తుడై, 1956 డిసెంబరు 26న మిషిగన్‌లోని ఇప్సిలాంటీలో కన్నుమూశాడు. అప్పటికి అతని వయసు యాభై మూడేళ్ళు మాత్రమే.

టకర్ కార్లలో నలభై ఏడు నేటికీ మిగిలి ఉన్నాయని అభిమానులు లెక్క చెబుతారు. వారు ఒక్కొక్క కారునూ దాని సంఖ్యతో గుర్తిస్తారు. అది ఎవరి చేతులు మారింది, ఏ భాగం అసలుది, ఏది తరువాత మార్చినది అని శ్రద్ధగా నమోదు చేసుకొంటారు. 2012లో 1043వ సంఖ్యగల కారు వేలంలో సుమారు 29 లక్షల డాలర్ల ధర పలికింది. 1988లో ప్రసిద్ధ దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా టకర్ జీవితాన్ని చలనచిత్రంగా తీశాడు.

అభిమానులలోనూ టకర్‌పై ఏకాభిప్రాయం లేదు. పెద్ద కంపెనీలు, రాజకీయ నాయకులు కలిసి అతణ్ణి అణచివేశారని కొందరు నమ్ముతారు. కారు చేతికి రాకముందే అతడు మితిమీరిన వాగ్దానాలు చేశాడని మరికొందరు అంటారు. ప్రకటనలలో చెప్పిన డిస్కు బ్రేకులు, ఫ్యూయల్ ఇంజెక్షన్ అమ్మకపు కార్లలో కనిపించని మాట నిజం. అతనిని నమ్మి నష్టపోయిన సామాన్యుల బాధనూ మరువరాదు. అయితే మోసగాడు అహోరాత్రాలు శ్రమించి తన కారు లోపాలను దిద్దుకోడు. టకర్‌లో దురాశ కంటె తొందరపాటే హెచ్చని చెప్పడం సమంజసం.

ఒకనాడు టకర్‌ను ముద్దాయిగా నిలబెట్టిన అమెరికా ప్రభుత్వమే, తన అధీనంలోకి వచ్చిన 1039వ సంఖ్య కారును వాషింగ్టన్‌లోని జాతీయ చరిత్ర మ్యూజియానికి అప్పగించింది. మలుపు తిరిగేవేళ దారి చూపడానికి అమర్చిన ఆ నడుమ దీపం అక్కడి కారుకు నేటికీ ఉంది. మాట ఇవ్వడానికి ధైర్యం కావాలి. ఇచ్చిన మాటను నిలుపుకోవడానికి ధైర్యంతోపాటు ఓర్పు, ముందుచూపు కూడా కావాలి. టకర్ జీవితం యువతకు బోధించే సత్యం ఇదే.